ఫంగస్ లేదు

గుంటూరు నుంచి బెజవాడ ప్యాసింజరు.
ఒళ్ళో గోధుమపిండి సంచి,
సంచిలో తువ్వాలు, తువ్వాల్లో లెన్సు.
పచ్చడా అని అడిగాడు పక్కనాయన.
అవునన్నాను.

ఎనభై అయిదు ఎమ్మెమ్.
పదకొండేళ్ళ కిందట నలభై రెండు వేలు.
దాని కోసం మా ఆవిడ గాజులు రెండు
కొత్తపేట తాకట్టు కొట్లో పడుకున్నాయి,
వాటి నిద్ర ఇంకా తీరలేదు.

కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నలియ్యక బండి ఆగింది.
ఆగిన బండిలో లెక్కలు బాగా గుర్తొస్తాయి.
పెదకాకాని పెళ్ళి బాకీ ఇరవై ఎనిమిది వేలు.
పెళ్ళికూతురికి కానుపు కూడా అయింది,
ఆల్బం డబ్బులు మాత్రం నెలలు నిండలేదు.
"మీ డ్రోన్ ఎగరలేదుగా" అంటాడు వాళ్ళ బాబాయి.
ఎగరనిది డ్రోన్ ఒక్కటేనా.
స్టూడియో అద్దె మూణ్ణెల్లు.
ప్రింటర్లో నీలం ఇంకు అయిపోయి
పాస్‌పోర్టు ఫొటోల్లో ఊరు ఊరంతా
కామెర్లొచ్చినట్టు పడుతోంది.

ఒక మంచి ఫొటో నాకూ ఉంది.
మిర్చి యార్డు, మార్చి నెల, పొద్దు వాలే వేళ,
తొడిమలు తీస్తున్న దీనమ్మ
తుమ్ము రాబోయే ముందు క్షణం.
కొంగు సగం లేచింది, కళ్ళు పడీ పడని మూతలు,
యార్డు మొత్తం ఆ తుమ్ము కోసం ఆగినట్టు.
ఈ లెన్సుతోనే. ఎఫ్ టూ దగ్గర. ఊపిరి బిగబట్టి.

హైదరాబాదు గ్యాలరీ ఆయన గోడకి పెడతానన్నాడు:
ఫ్రేము నీది, లారీ కిరాయి నీది, అమ్ముడైతే చెరిసగం.
అవలేదు.
"పెయింటింగైతే కొంటారండీ,
ఫొటో అంటే ఎన్ని కాపీలైనా తీయొచ్చుగా."
తీయొచ్చు. ఆ తుమ్ము మాత్రం ఒక్కటే.

ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టాను.
దసరాకి మెసేజీ వచ్చింది: ఒకటి అమ్ముడైంది,
మీ వాటా పదిహేడు రూపాయల నలభై పైసలు,
వంద డాలర్లు నిండాక తీసుకోవచ్చు.

ఎవరు కొన్నారో జనవరిలో తెలిసింది.
కెమెరా వాయిదాకి గడువు అడగబోతే
అరండల్‌పేట బ్యాంకు గోడ నిండా దీనమ్మ.
కింద బంగారు రంగు అక్షరాలు: మీ కలకు మా చేయూత.
"స్థిరమైన ఆదాయం లేదండీ మీకు"
కాగితాలు వెనక్కి తోశాడు మేనేజరు.
దీనమ్మకి కూడా లేదు, అందామనుకున్నాను.
ఒక క్యాలెండరు ఇప్పించమన్నాను.
డిపాజిట్లు ఉన్నవాళ్ళకేనట.

గవర్నర్‌పేటలో మెట్ల కింద కొట్టు.
కొనే కుర్రాడి పేరు అభిలాష్,
బిర్యానీ సెంటర్లకి రీల్స్ తీస్తాడు.
షాపాయన టార్చి వేసి లెన్సులోకి చూశాడు,
గొంతులో పుండు వెతికే డాక్టరులా,
అటు తిప్పి, ఇటు తిప్పి
"ఫంగస్ లేదు" అన్నాడు.
ఎందుకో ఛాతీ పొంగింది.
వానాకాలాలు దాన్ని బియ్యం డబ్బాలో దాచేవాణ్ణి.
డబ్బా అడుగంటిన నెలల్లోనూ
దాని చుట్టూ నాలుగు గుప్పెళ్ళు
ఆవిడ ముట్టుకోలేదు.

పద్నాలుగు వేల అయిదొందలు.
రెండుసార్లు లెక్కపెట్టాను.

"అంకుల్, లైటు తక్కువైతే ఎట్టా పనిచేస్తది?"
చెప్పాలంటే పదకొండేళ్ళు పడుతుంది.
"ఊపిరి బిగబట్టు, మిగతాది అదే చూసుకుంటది" అన్నాను.

తిరుగుబండిలో సంచి తేలిక.
ఎదురు సీటామె చంటిదాన్ని కిటికీ దగ్గర నిలబెట్టింది.
కృష్ణ మీద సాయంత్రం,
వంతెన ఇనుప కమ్మీలు పిల్ల మొహం మీద
వెలుగూ నీడా, వెలుగూ నీడా
వేస్తూ తీసేస్తూ పోతున్నాయి.
తువ్వాలు మడతలో నా చూపుడువేలు
ఒక్కసారి కదిలింది.

ఊపిరి బిగబట్టి ఉన్నానని
వంతెన దాటాక తెలిసింది.